సోషల్ టీచర్ నుంచి చరిత్ర పరిశోధన దాకా: మధ్యలో కెమెరా

ముందుగా, ఉద్యోగం మానేయకండి. బడిలో పాఠం చెబుతూనే డాక్యుమెంటరీ తీసి, దాని మీదుగా చరిత్రలో పీహెచ్‌డీకి వెళ్లడం కుదిరే పనే. నెలనెలా జీతం వస్తుంటే ఏ అంశం మీద పని చేయాలో మీరే తేల్చుకోవచ్చు. లేకపోతే డబ్బు పెట్టేవాళ్లు తేలుస్తారు.

మూడు పనులకూ ఒకే అంశం పెట్టుకోండి. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలో ఉంటే మరీ మంచిది. కృష్ణా జిల్లాలో పనిచేసేవాళ్లకు 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఉంది. ఆ రాత్రి పాతికేళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి, కాబట్టి ఆలస్యం చేయడానికి లేదు. అయితే ‘దివిసీమ ఉప్పెన’ అన్నది థీసిస్‌కు చాలదు, ఒక ప్రశ్న కావాలి. కొట్టుకుపోయిన పొలాల హద్దులు మళ్లీ ఎలా తేల్చారు? పునరావాస కాలనీల్లో ఇళ్లు ఎవరికి దక్కాయి, ఎవరికి దక్కలేదు? ఇలాంటిది ఒక్కటి చాలు.

తొమ్మిదో తరగతి ప్రాజెక్టు పనితోనే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పేరు, అప్పటి వయసు, అప్పటి ఊరు, దాచుకున్న కాగితమో ఫొటోనో ఉందా అన్న నాలుగు వివరాలు పిల్లలచేత రాయించండి. ఎవరిని కలవాలో తెలిసిపోతుంది. చావుల గురించి మాత్రం పిల్లలచేత అడిగించకండి. అది పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని, తగినంత సమయం ఇచ్చి వినవలసిన మాట.

రికార్డింగ్ దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. బొమ్మకు మంచి ఫోన్ చాలు, డబ్బు మైకు మీద పెట్టండి. కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద పెట్టి, కొంగు రాసుకోకుండా చూడండి. ఆ గరగర తర్వాత ఎంత కష్టపడినా పోదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగా తీసుకోండి. గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే ఆటో లెవెల్ ఆపేయండి. లేకపోతే మనిషి మౌనంగా ఉన్నప్పుడల్లా అది వెనక చప్పుడును పైకి లాగుతుంది. ఫ్యాను, ఫ్రిజ్ ఆపించండి. బండి తాళం ఫ్రిజ్‌లో పెడితే వెళ్లేముందు తిరిగి ఆన్ చేయడం మర్చిపోరు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఫోన్లో మామూలుగా ఉండే 30 ఫ్రేములతో ట్యూబ్‌లైటు కింద తీస్తే బొమ్మ మీద చారలు కదలవచ్చు. చివర్లో అందరూ మాట్లాడకుండా ఉండి, గది చప్పుడు ఒక నిమిషం తీసుకోండి. ఎడిటింగులో అతుకులు కప్పేది అదే.

కెమెరా ఆన్ కాగానే తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు చెప్పండి. అనుమతి పత్రం తెలుగులో రాసి చదివి వినిపించండి. సినిమాకు, పరిశోధనకు, ముందుముందు గ్రంథాలయంలో భద్రపరచడానికి మూడు సంతకాలు విడివిడిగా తీసుకోండి. సినిమాకు ఒక్కదానికే తీసుకుంటే థీసిస్ కోసం మళ్లీ ఆ గుమ్మం ఎక్కాలి, అప్పటికి ఆ మనిషి ఉండకపోవచ్చు. “ఉప్పెన గురించి చెప్పండి” అని అడిగితే పేపర్లో చదివినదే తిరిగొస్తుంది. “ఆ పొద్దున ఇంట్లో ఏం వండారమ్మా?” అని అడగండి. మాట ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. పెద్దవాళ్లను గంటన్నరకు మించి కూర్చోబెట్టకండి.

వీడియోను సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు సుమారు 22 గిగాబైట్లు అవుతుంది. రెండు హార్డ్‌డిస్కుల్లో దాచి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. ఇరవై గంటల నుంచి ఇరవై నిమిషాల సినిమా వస్తుంది. చరిత్రకారుడికి కావలసింది మిగతా భాగం కూడా, కాబట్టి ఏదీ చెరపకండి. గంట మాటను రాతలో పెట్టడానికి ఆరేడు గంటలు పడుతుంది. యాసను దిద్దకుండా, నిమిషానికోసారి సమయం వేస్తూ రాయండి. సినిమాను బయట ప్రదర్శించాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. పత్రికల ఫొటోలకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

సినిమాలో ఒక గొంతు ఒంటరిగా నిలబడగలదు. థీసిస్‌లో దాని పక్కన కాగితం ఉండాలి. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం చూడండి. భూముల కాగితాలకు తహసీల్దారు, కలెక్టరు కార్యాలయాలున్నాయి. మీ అంశం మద్రాసు ప్రెసిడెన్సీ కాలానిదైతే చెన్నై ఎగ్మోర్‌లో ప్రభుత్వ పాత రికార్డులు దాచే ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. నిజాం కాలానిదైతే హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్ చూడాలి, దాంతోపాటు ఉర్దూ, ఇంకా పాతదైతే పారశీకం చదవడం రావాలి. పట్టా మీద ఒక ఏడాది, మీతో మాట్లాడిన పెద్దావిడ నోట మరో ఏడాది వస్తే ఆమెది పొరపాటని కొట్టేయకండి. కాగితం ఎప్పుడు పుట్టింది, ఇల్లు చేతికి ఎప్పుడొచ్చింది అని అడగండి. మీ అధ్యాయం ఆ తేడాలోనే ఉంటుంది.

పీహెచ్‌డీకి బీఈడీ సరిపోదు. పీజీలో 55 శాతం కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. ఎంఏ హిస్టరీని ఇగ్నో వంటి సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి ఉద్యోగం చేస్తూనే పూర్తిచేయవచ్చు. 2024 నుంచి నెట్ (అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతోనూ పీహెచ్‌డీ ప్రవేశాలు జరుగుతున్నాయి. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. అదే పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకూ రిజర్వేషన్ వర్గాలకూ 5 ఏళ్ల సడలింపు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకుంటాయి, కానీ మీ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అవసరమైతే కోర్సువర్కుకు, అంటే పీహెచ్‌డీలో భాగమైన తరగతులకు, మిమ్మల్ని వదులుతామన్న మాట కూడా అందులో ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక అడిగితే ఫైలు గడువులోపు తిరిగిరాకపోవచ్చు, నెలల ముందే పెట్టండి.

పీహెచ్‌డీ కోసం ఇచ్చే పరిశోధన ప్రతిపాదనలో సినిమా కథ రాయకండి. మీ ప్రశ్న, దాని మీద ఇంతకుముందు వచ్చిన పని, మీ ఆధారాలు, ఈ వరుసలో రాయండి. ఆధారాల చోట ఇంటర్వ్యూల పట్టికను పెట్టండి: ఎన్ని, ఏ ఊళ్లు, ఎన్ని గంటలు, ఎన్ని రాతలో ఉన్నాయి. గైడ్‌గా ఎవరిని అడగాలనుకుంటున్నారో వాళ్ల ఇటీవలి వ్యాసాలు చదివి ఒక పేజీ ఉత్తరం రాయండి. సినిమా లింకు అడిగితేనే పంపండి. మొదట పంపవలసింది ఒక ఇంటర్వ్యూ పూర్తి రాతప్రతి.