జపాన్ సముద్రాన్ని వెనక్కి మూయాలంటే ముందు ముడతలు విప్పాలి

జపాన్ ఒకప్పుడు ఆసియా ఖండపు అంచు. కిందికి దిగే సముద్ర పలకకు పైనున్న ఆ అంచు వెనుకవైపు సాగి, చిట్లి, విడిపోయింది. ఆ ఖాళీయే నేటి జపాన్ సముద్రం. ఇది బ్యాక్-ఆర్క్ బేసిన్, అంటే ద్వీపమాల వెనుక తెరుచుకున్న పల్లం. సుమారు 1.5 కోట్ల ఏళ్ల క్రితానికి తెరుచుకోవడం ఆగింది. గత 30 లక్షల ఏళ్లుగా, అటూఇటుగా, అదే తీరం నొక్కుకుపోతోంది. రెండు ఘట్టాలూ ఒకే రాళ్లలో ఉన్నాయి. పటం మీద జపాన్‌ను తిరిగి ఆసియాకు అతికించి చూడాలంటే, కొత్త ఒత్తిడి చేసిన మార్పును ముందు తీసేయాలి. లేదంటే దాన్నే, విడిపోయేటప్పుడు జపాన్ తిరిగిన పాత భ్రమణం అనుకుని లెక్క కట్టేస్తారు.

భూకంప ప్రతిధ్వని ఛేదంతో మొదలుపెట్టండి. నేలలోకి పంపిన కంపనాలు పొరలను తాకి తిరిగి రావడానికి పట్టిన సమయంతో గీసిన నిలువుకోత చిత్రమిది. ఆ సమయాన్ని లోతులోకి మార్చి, నిలువు, అడ్డ కొలతలు ఒకే స్కేలుకు తెచ్చాకే వాలు కొలవండి. నిలువు స్కేలు రెట్టింపుగా ఉంటే 30 డిగ్రీల భ్రంశం (రాళ్లు తెగి జారిన పగులు, ఫాల్ట్) 49 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఇక్కడ ఆ తేడా చిన్నదేం కాదు. ఒత్తిడికి కొత్తగా పుట్టే రివర్స్ ఫాల్ట్ (పైదిమ్మ పైకి ఎగబాకేది) సాధారణంగా 30 డిగ్రీల దగ్గర వాలుతుంది. 50, 60 డిగ్రీలతో నిటారుగా ఉంటే, సాగిన కాలపు నార్మల్ ఫాల్ట్ (పైదిమ్మ కిందికి జారేది) తిరగబడి మళ్లీ కదిలిందేమో అనుమానించాలి.

ఆ అనుమానాన్ని పొరల మందంతో తేల్చుకోవచ్చు. వాలు పగులుకు పైనున్న పైదిమ్మలో ఒక పొర, దాని కిందున్న కిందిదిమ్మలో కంటే మందంగా ఉంటే అది సాగుతున్నప్పుడు పేరుకున్నది. దానిపైన రెండు వైపులా సమానంగా పరుచుకున్నవి ప్రశాంత కాలానివి. ముడత శిఖరం వైపు పలచబడే పొరలు ఒత్తిడి మొదలయ్యాక వచ్చినవి. అదే భ్రంశంలో లోతున పైదిమ్మ కిందికి జారినట్టు, పైన అదే దిమ్మ ఎగబాకినట్టు కనిపిస్తే తిరగబడటం ఖాయం.

కుదింపు కొలవడానికి ప్రశాంత కాలపు పొరనే వాడండి. సాగిన కాలపు పొరలు పుట్టుకతోనే ఏటవాలు, వాటిని చదును చేస్తే లెక్క తప్పుతుంది. వంపుల వెంట పొడవు 21.6 కి.మీ., నేటి అడ్డ దూరం 20 కి.మీ. అయితే కుదింపు 1.6 కి.మీ., అంటే 7.4 శాతం.

ఇక శిలా అయస్కాంతత్వం, అంటే రాయి పుట్టినప్పుడు అందులో నిలిచిపోయిన భూ అయస్కాంత దిశ. పచ్చటి టఫ్ (గట్టిపడిన అగ్నిపర్వత బూడిద) నమూనాకు ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ, ఆ పచ్చదనం తర్వాత జరిగిన రసాయన మార్పుది. తొలి అయస్కాంత ముద్ర చెరిగిపోయి ఉండవచ్చు. రసాయన మార్పు చెందని లావా, వెల్డెడ్ టఫ్ (వేడికి అతుక్కుపోయిన బూడిద రాయి) మేలు. ఒక్కో లావా ప్రవాహం నుంచి 25 మి.మీ. వ్యాసం గల 6 నుంచి 8 కోర్లు (తొలిచి తీసిన రాతి స్తంభాలు) తీయండి. దిక్సూచితో పాటు సూర్య దిక్సూచి రీడింగూ రాయండి, ఎందుకంటే బసాల్ట్ పక్కన సూది పక్కకు లాగబడుతుంది. భూ అయస్కాంత దిశ ఊగుతూ ఉంటుంది, ఒక ప్రవాహం అందులో ఒక క్షణాన్నే నమోదు చేస్తుంది. అందుకే కనీసం పది వేర్వేరు ప్రవాహాలు కావాలి.

ప్రయోగశాలలో 400 డిగ్రీల సెల్సియస్ దాకా 50 చొప్పున, ఆపై 20-30 చొప్పున వేడి పెంచండి. అయస్కాంత ముద్రను మోసే ఇనుప ఖనిజాల్లో మాగ్నటైట్ ముద్ర 580 దగ్గర పోతుంది, హెమటైట్‌ది 680 దాకా నిలుస్తుంది. వేడి పెరిగేకొద్దీ మిగిలిన అయస్కాంతత్వాన్ని గ్రాఫ్‌లో గీస్తే, చివరి భాగం సరళరేఖలో మూలబిందువుకు (సున్నాకు) చేరకపోతే ఆ నమూనాను పక్కన పెట్టండి. తర్వాత పొర వాలును సరిచేయండి. ముడత అక్షం కూడా ఒరిగి ఉంటే ముందు దాన్ని అడ్డంగా, సమతలానికి తేవాలి. ఈ మెట్టు దాటవేస్తే లేని భ్రమణం పుట్టుకొస్తుంది.

వచ్చిన దిక్పాతం (ఉత్తరం నుంచి అయస్కాంత దిశ పక్కకు తప్పిన కోణం) నుంచి అదే వయసు ఆసియా ఖండపు దిక్పాతాన్ని తీసేస్తే భ్రమణం వస్తుంది. 1980లలో జపాన్ శాస్త్రవేత్త ఒటోఫుజి బృందం నైరుతి జపాన్ సవ్యదిశలో 40 డిగ్రీలకు పైగా తిరిగిందని ఇలాగే చూపింది. ఈశాన్య జపాన్ అపసవ్యంగా తిరిగింది. కానీ అక్కడ చిన్న దిమ్మలు విడివిడిగా కదిలాయి కనుక, ఒక్క క్వారీ అంకెను మొత్తం ద్వీపానికి అంటగట్టవద్దు.

సముద్రాన్ని మూసేటప్పుడు తీరరేఖల్ని కాక ఖండ పటలపు (ఖండం కింది రాతి పొర) అంచుల్ని కలపండి. జపాన్ సముద్రం నడుమ ఉన్న యమాటో రైజ్ అనే మెట్ట నీళ్లలో మునిగినా ఖండపు ముక్కే, దానికి చోటు వదలాలి. అంచులు ఒకదానిమీదికి ఒకటి ఎక్కితే కుదింపును సరిగ్గా విప్పారో లేదో, సాగిన పటలాన్ని అసలు వెడల్పుకు తేవడం మరిచారేమో చూసుకోండి.

2024 జనవరి 1 భూకంపంలో, జపాన్ సముద్రం వైపున్న నోటో ద్వీపకల్పం ఉత్తర తీరం కొన్నిచోట్ల దాదాపు 4 మీటర్లు పైకి లేచింది. ఈ ముడతలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.