ఉప్పునీటి ట్యాంకులో ఎనిమోన్ ఏదో గుర్తుపట్టడం, 3వ భాగం: రంగు వదిలేయండి, కాండం చూడండి

పోయిన భాగంలో ఎనిమోన్‌కి (సముద్రంలో పువ్వులా కనిపించే జంతువు) నోరు, టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే తీగల్లాంటివి), కాండం (స్తంభంలాంటి ఒళ్ళు), పాదం (కింద అంటుకునే భాగం) ఎక్కడెక్కడ ఉంటాయో చూశాం కదా, ఇప్పుడు అసలు పని. అందరం ముందు రంగే చూస్తాం, నేనూ అంతే, షాపులో బబుల్ టిప్ (టెంటకిల్స్ కొసల్లో బుడగలుండే జాతి) అని ఇస్తే పచ్చగా బావుందని తెచ్చి రాయి మీద పెట్టా, అది రాయి పట్టుకోకుండా రెండ్రోజులు ట్యాంకంతా తిరిగి మూడో రాత్రి వేవ్‌మేకర్‌లో (నీళ్ళు కదిలించే ఫ్యాను) పడి ముక్కలైపోయింది. తర్వాత పాత ఫొటోలు చూస్తే కాండం కిందిభాగం నారింజ ఎరుపు, అంటే అది లాంగ్ టెంటకిల్ అనే వేరే జాతి, దానికి కావాల్సింది ఇసుక. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రంగుని ఎందుకు నమ్మకూడదంటే ఒకే బబుల్ టిప్ గోధుమ, పచ్చ, ఎరుపు ఎందులోనైనా వస్తుంది, పైగా ఒంటి లోపలుండే ఆల్గే (సన్నటి నాచు) పోతే ఏ జాతైనా తెల్లబడిపోతుంది, కొన్నిటికి రంగు ఎక్కించి మరీ అమ్ముతారు. ముదురు పసుపు సెబే (ఇదీ ఒక ఎనిమోన్ జాతే) కనిపిస్తే ముందు అనుమానించండి. బుడగలు కూడా అంతే, ట్యాంకులో కొన్నాళ్ళకి పోయి టెంటకిల్స్ పొడుగ్గా సాగిపోవచ్చు.

కాబట్టి కాండం. నున్నగా ఉండి, పాదం రాతి సందులో దూరి ఉంటే ఎక్కువసార్లు బబుల్ టిప్పే. కాండం పైభాగంలో చిన్న చిన్న బొడిపెలుండి, కింద ఇసుకలో పాతుకుని ఉంటే రెండిట్లో ఒకటి అనుకోండి. టెంటకిల్స్ పల్చగా, దూరం దూరంగా ఉండి, డిస్కు (నోటి చుట్టూ ఉండే పళ్ళెంలాంటి పైభాగం) మీద నోటి నుంచి అంచుకి గీతలు కనిపిస్తూ, కాండం కింద ఎర్రగా ఉంటే లాంగ్ టెంటకిల్. కాండం తోలులా బూడిదరంగులో, బొడిపెలు బాగా తెలుస్తూ, టెంటకిల్స్ కొసలు సన్నబడి వందల్లో ఒత్తుగా ఉంటే సెబే, అంటే హెటెరాక్టిస్ క్రిస్పా. రాయి పైకెక్కి అందరికీ కనిపించేలా కూర్చుని, కాండం మొత్తం కొట్టొచ్చినట్టు కనిపించే ఒకే రంగులో ఉంటే మాగ్నిఫికా అనే జాతి, అది కొత్తవాళ్ళకి వద్దండీ, బతకడం కష్టం.

ఎనిమోన్లలో కాపురముండే క్లౌన్ ఫిష్ చేరింది కాబట్టి ఫలానా జాతి అనుకోవద్దు. సముద్రంలో వాటికి ఆతిథ్యమిచ్చేవి 10 జాతులేగానీ, ట్యాంకులో అవి కాండిలాక్టిస్ అనే కరీబియన్ ఎనిమోన్‌లో కూడా దూరతాయి, అసలు కరీబియన్‌లో క్లౌన్ ఫిష్‌లే లేవు.

ఈ వారం పని: లైట్లు ఆర్పిన గంటకి, అది ముడుచుకున్నాక, పక్కనుంచి టార్చి వేసి అద్దానికి ఎదురుగా ఫోన్ పెట్టి కాండం ఫొటో తీయండి. కాండం సరిగ్గా కనపడట్లేదని పీకి చూడొద్దు, పాదం చిరిగితే చాలావరకు బతకదు. బొడిపెలున్నాయా లేవా, పాదం ఇసుకలోనా రాతిలోనా, ఈ రెండూ రాసి పెట్టుకోండి. కార్పెట్ ఎనిమోన్లు వచ్చే భాగంలో, వాటికీ ఈ బొడిపెలే ఆధారం, కాకపోతే అక్కడ బొడిపెల రంగు చూస్తాం.