డాక్‌బుక్ రాసేవాళ్ళకు ఎడిటర్ గురించి ఒక మాట

అనంతపురంలో కూర్చొని బోరు మోటర్ల స్టార్టర్‌కు మాన్యువల్ ఒకటి డాక్‌బుక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (మాన్యువల్ లాంటివి ట్యాగులు పెట్టి రాసే పద్ధతి) రాస్తాండా, మొదట్లో మామూలు నోట్‌ప్యాడ్‌లోనే కొట్టినా, 40 పేజీలయినాక పీడీఎఫ్ తీద్దామంటే ఎర్రర్, చూస్తే ఎక్కడో ఒక పేరా ట్యాగు మూయలేదు, దాన్ని వెతికేటప్పటికి రాత్రి పన్నెండయింది. అందుకే చెప్తాండా, ఎడిటర్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది థీములు, రంగులు కాదప్పా, మనం టైప్ చేస్తాన్నప్పుడే స్కీమాతో (ఏ ట్యాగు ఎక్కడ రావాలో చెప్పే నియమాల ఫైలు) సరిచూస్తాదా లేదా అనేది. సెక్షన్‌కు టైటిల్ పెట్టకుండా పేరా మొదలుపెడితే అక్కడికక్కడే ఎర్ర గీత పడాల.

ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్ రాసేదానికి ఎన్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ మోడ్ దాంతోపాటే వస్తాది, పైసా ఖర్చు లేదు, రిలాక్స్ ఎన్‌జీ అనే రకం స్కీమాతో చెక్ చేస్తాది, కంట్రోల్ సీ, కంట్రోల్ ఎన్ కొడితే నేరుగా తర్వాతి తప్పు దగ్గరికి తీసుకుపోతాది. కీలు చేతికి అలవాటు కావాలంటే కొన్నాళ్ళు పడతాది, అంతే. వీఎస్ కోడ్ ఎడిటర్ వాడేవాళ్ళు రెడ్ హ్యాట్ వాళ్ళ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. ఆక్సిజన్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎడిటర్ చానా బాగుంటాది గానీ డబ్బులు కట్టాల.

ఇంకోటి, సేవ్ కొట్టంగానే లైన్లన్నీ దానంతటదే సర్దేసే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, ప్రోగ్రామ్‌లిస్టింగ్ ట్యాగు (కోడ్‌ను ఉన్నదున్నట్టు చూపించేది) లోపలి ఖాళీలు చెదిరిపోతాయి, గిట్‌లో (ఫైళ్ళలో మార్పులు గుర్తుపెట్టుకునే టూల్) ఒక్క మాట మార్చినా ఫైలంతా మారినట్టు చూపిస్తాది.