డిగ్ ఏ ప్యాకేజీలో ఉంది?

డెబియన్ లైనక్స్‌లో ఒక డొమైన్ ఏ ఐపీ అడ్రసుకి వెళ్తోందో చూద్దామని, అది చెప్పే డిగ్ అనే కమాండ్ కొడితే, కమాండ్ దొరకలేదంది. అది ఏ ప్యాకేజీలో (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కట్టలో) వస్తుందో చూద్దామని, ప్యాకేజీలను వెతికిపెట్టే ఆప్ట్‌తో ఆప్ట్ సెర్చ్ డిగ్ అన్నాను. తెర నిండా ఫలితాలు! ఆప్ట్ సెర్చ్ ప్యాకేజీల వివరణల్లోనూ వెతుకుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో డిజిటల్ అన్న మాట మొదట్లోనూ ఆ మూడక్షరాలే ఉన్నాయి మరి. నేమ్స్-ఓన్లీ ఆప్షన్‌తో పేర్లకే పరిమితం చేసినా లాభం లేకపోయింది. కమాండ్ పేరే ప్యాకేజీకి ఉండాలని లేదు కదా.

ఆప్ట్-ఫైల్ అక్కరకొచ్చింది. ఇది ప్యాకేజీల లోపలి ఫైళ్ల పేర్లలో వెతుకుతుంది. ఇన్‌స్టాల్ చేశాక, ఆ ఫైళ్ల జాబితా తెచ్చుకోవడానికి ముందు ఆప్ట్-ఫైల్ అప్‌డేట్ తప్పనిసరి. తర్వాత ఆప్ట్-ఫైల్ సెర్చ్‌కి హైఫన్ ఎక్స్ (నమూనాతో వెతకమనే ఆప్షన్) తగిలించి, బిన్/డిగ్ చివర, పేరు అక్కడితో అయిపోవాలని చెప్పే డాలర్ గుర్తు పెట్టాను. ఆ గుర్తు లేకపోతే డిగ్‌తో మొదలయ్యే ప్రోగ్రాములన్నీ వరుస కడతాయి. బైండ్9-డీఎన్ఎస్‌యుటిల్స్ అనే ప్యాకేజీ బయటపడింది. అది ఇన్‌స్టాల్ చేయగానే డిగ్ పనిచేసింది.