ఉద్యోగం మానకుండా సుస్థిర ఆహార వ్యవస్థల్లో పీజీ చదవడం ఎలా

పాల డెయిరీలో నాణ్యత పరీక్షలు చేసేవారు, సంక్షేమ హాస్టళ్ల వార్డెన్లు, వ్యవసాయ విస్తరణాధికారులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలను నడిపేవారు, ఇలా ఆహారం చుట్టూ తిరిగే ఉద్యోగాల్లో ఉన్నవారు పీజీ చేయాలనుకున్నప్పుడు మొదట చేసే పని కోర్సు పేరుతో వెతకడం. సుస్థిర ఆహార వ్యవస్థలు అన్న పేరుతోనే వెతికితే మన దూరవిద్య జాబితాల్లో దొరికేది చాలా తక్కువ. ఆ విషయం ఆహార భద్రతా ప్రమాణాలు, పర్యావరణ శాస్త్రం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయ విస్తరణ అనే నాలుగైదు గదుల్లో విడివిడిగా సర్దుకుని ఉంటుంది కాబట్టి, ఏ గది తలుపు తట్టాలో ముందుగా మీ ఉద్యోగమే చెప్పాలి.

అందుకని దరఖాస్తు నింపడానికి ముందు, మీ పనిలో రోజూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి కాగితం మీద రాసుకోండి. విత్తనం నుంచి పొలం, మిల్లు, గిడ్డంగి, లారీ, దుకాణం, వంటిల్లు దాటి చెత్తబుట్ట దాకా ఉన్న గొలుసు మొత్తాన్నీ కలిపి చూడడమే ఆహార వ్యవస్థల చదువు. ఆ గొలుసులో మీరు నిలబడ్డ చోటు ఏదో తేలితే కోర్సు ఎంపిక సగం అయిపోయినట్టే. ఎగుమతి సరుకులో పురుగుమందుల అవశేషాల గురించి తల పట్టుకునేవారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లోని ఆహార భద్రత, నాణ్యత నిర్వహణ పీజీ డిప్లొమా దగ్గరగా ఉంటుంది. గ్రామాల్లో పనిచేసేవారికి అదే విశ్వవిద్యాలయపు గ్రామీణాభివృద్ధి ఎం.ఏ. ఎక్కువ అక్కరకు వస్తుంది. విస్తరణ సిబ్బంది అయితే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) 2007 నుంచి నడుపుతున్న ఏడాది పీజీ డిప్లొమాను ముందు పరిశీలించాలి, ఎందుకంటే దాన్ని రూపొందించిందే వారి కోసం.

తర్వాతి మెట్టు గుర్తింపు. ఇక్కడ తొందరపడితే ఫీజూ పోతుంది, ఏళ్లూ పోతాయి. వ్యవసాయం, ఉద్యానం వంటి డిగ్రీలను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవ్వడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అనుమతించదు. 2025లో ఆహార పోషణ శాస్త్రాన్ని కూడా ఆ నిషేధిత జాబితాలో చేర్చారు. కనుక ఇంట్లో కూర్చుని వ్యవసాయంలో ఎం.ఎస్సీ. పూర్తి చేయవచ్చని ఎవరైనా ఫోన్ చేసి చెబితే ఆ సంభాషణను అక్కడితో ముగించవచ్చు. మిగిలిన కోర్సుల విషయంలో యూజీసీ దూరవిద్యా విభాగం (డీఈబీ) వెబ్‌సైటులో మీరు చేరబోయే సంవత్సరానికి, ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకే అనుమతి ఉందో లేదో చూడాలి. విశ్వవిద్యాలయానికి అనుమతి ఉన్నంత మాత్రాన దాని కోర్సులన్నింటికీ ఉన్నట్టు కాదు. చేరేటప్పుడు విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను దాచి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా ద్వారా డీఈబీ ఐడీ అనే గుర్తింపు సంఖ్య కూడా తీసుకోవాల్సి ఉంటుంది. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో మరోలా ఉన్నవారు ముందే సరిచేయించుకోవడం మంచిది. మన ఇంటిపేర్లు ఒకచోట ముందూ మరోచోట వెనకా పడుతుంటాయి, ఈ చిక్కు ఎక్కువగా అక్కడే వస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగులు శాఖాధిపతి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే ఫీజు కట్టాలి. నోటిమాటగా ఇచ్చిన అనుమతి పదోన్నతి సమయంలో నిలబడదు. విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ వైపు చూసేవారు, అది ఇక్కడి ఉద్యోగంలో చెల్లుతుందా అన్న ప్రశ్నకు తమ సంస్థ నుంచే లిఖితపూర్వక సమాధానం రాబట్టుకోవాలి.

ఇక సమయం లెక్క. ఇగ్నో పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 32 క్రెడిట్ల డిప్లొమా అనుకుంటే 960 గంటలు అవుతుంది. ఏడాదిలో పూర్తి చేయాలంటే వారానికి పద్దెనిమిది గంటలకు పైగా, రెండేళ్లకు పరిస్తే తొమ్మిది గంటలకు పైగా కేటాయించాలి. ఆరు రోజుల ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారికి రెండో లెక్కే న్యాయమైనదని నా అభిప్రాయం. కనీస గడువులోనే ముగించాలన్న పంతంతో మొదటి ఏడాదే అన్ని పేపర్లకూ పరీక్ష ఫీజు కట్టి, సగం పరీక్షలకు వెళ్లలేకపోవడం కంటే, తొందర లేకుండా రెండేళ్లు చదవడం నయం. ఆ గంటలు మీకు నిజంగా దొరుకుతాయో లేదో తెలుసుకోవడానికి తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో ఎనిమిది లేదా పన్నెండు వారాల కోర్సు ఒకటి ఎంచుకుని, వారం వారం అసైన్‌మెంట్లు తప్పకుండా చివరిదాకా చేయండి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఇచ్చే ఉచిత ఆన్‌లైన్ పాఠాలతోనైనా ఈ ప్రయత్నం చేయవచ్చు. మూడో వారంలోనే ఆగిపోయారంటే తెలివి తక్కువై కాదు, మీ దినచర్యలో చోటు లేక. దినచర్య మార్చుకున్నాకే పీజీలో చేరండి.

చేరాక జారిపోయేది పరీక్షల కన్నా అసైన్‌మెంట్ల దగ్గరే. ఇగ్నోలో చాలా కోర్సులకు అసైన్‌మెంట్లకు 30 శాతం, జూన్‌లోనో డిసెంబరులోనో జరిగే పరీక్షలకు 70 శాతం వెయిటేజీ ఉంటుంది. గడువు ముంచుకొచ్చాక స్టడీ మెటీరియల్ లోంచి ఎత్తి రాసే జవాబులకు మార్కులు పడవచ్చేమో గానీ, పని తెలిసిన మనిషికి వాటివల్ల ఒరిగేదేమీ లేదు. ప్రతి జవాబులోనూ మీ పని చోటు నుంచి ఒక్క ఉదాహరణ పెట్టుకునే నియమం పెట్టుకుంటే చదువు ఉద్యోగానికి అడ్డు రాదు.

ఆ నియమానికి అసలు ఫలితం ప్రాజెక్టులో కనబడుతుంది. పూర్తికాల విద్యార్థి నెలల తరబడి తిరిగి సంపాదించే సమాచారం, ఉద్యోగి కళ్ల ముందే రోజూ ఉంటుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. ఒక హాస్టల్ వార్డెన్ ఈ అంకెను తన వంటశాలకు తెచ్చుకోవాలంటే మూడు బకెట్లు, ఒక కాటా చాలు. తరిగేటప్పుడు పోయే తొక్కలూ కాడలూ ఒకదానిలో, వండి వడ్డించకుండా మిగిలినది మరొకదానిలో, కంచాల్లో వదిలేసినది మూడోదానిలో వేయించి, పూటపూటకూ తూచి, ఆ పూట తిన్నవారి సంఖ్యతో భాగించాలి. కంచాల్లో వదిలేసినది 24 కిలోలు, తిన్నవారు 300 మంది అయితే తలకు 80 గ్రాములు. కోడికూర వండే ఆదివారానికీ వంకాయ వండే మంగళవారానికీ పొంతన ఉండదు గనుక, మెనూ మొత్తం కనీసం రెండుసార్లు తిరిగేదాకా తూకం ఆపకూడదు. పండుగ సెలవులకు ముందూ వెనకా వచ్చే వారాలను లెక్కలోంచి తీసేయాలి. తర్వాత ఒక్క మార్పే చేయాలి. మొదటి వడ్డనలో అన్నం తగ్గించి అడిగినవారికి మళ్లీ వేయడం అటువంటిది. అదే సమయంలో బియ్యం రకం కూడా మారిస్తే తగ్గింపు దేనివల్ల వచ్చిందో చెప్పలేరు.

పోల్చి చూసుకోవడానికి తెలుగు నేల మీదే సామగ్రి చాలా ఉంది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నడుపుతున్న సామూహిక ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో వాతావరణ మార్పుపై కృషికి ఇచ్చే అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది. దాని గురించి మెచ్చుకునే రాతలూ ఉన్నాయి, దిగుబడులను ప్రశ్నించే రాతలూ ఉన్నాయి, రెండూ చదవాలి. జహీరాబాద్ ప్రాంతంలో మహిళా సంఘాలు కాపాడుకొచ్చిన చిరుధాన్యాల విత్తనాలు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురణలు, పటాన్‌చెరు మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధనలు ఒక్కరోజు ప్రయాణంలో అందేవే. పాఠ్యపుస్తకంలో ఉదాహరణలు ఎక్కడివైనా, ముందటి పరిశోధనలను వివరించే మీ సాహిత్య సమీక్షలో ఇవి లేకపోతే లోటే.

ఏం చేయబోతున్నారో క్లుప్తంగా చెప్పే ప్రాజెక్టు సినాప్సిస్‌కు ఆమోదం రాకముందు తూకం మొదలుపెట్టవద్దు. గైడు పద్ధతి మార్చమంటే ఆ అంకెలన్నీ పనికిరాకుండా పోతాయి. పైఅధికారి అనుమతిపత్రంలో సంస్థ పేరు రాయవచ్చా, గుప్తంగా ఉంచాలా అన్నది స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే వృథా లెక్కలు బయటపడితే మాట పడేది వంటమనిషే. ఆ వంటమనిషికి తూకం ఎందుకు వేస్తున్నారో మొదటి రోజే చెప్పి, వారం చివర అంకెలు ముందుగా ఆయనకే చూపించండి.