కాపర్ పెప్టైడ్ సీరమ్: బుగ్గల మంట ఎలా తగ్గిందంటే

కాపర్ పెప్టైడ్ సీరమ్ (రాగి అతుక్కున్న చిన్న ప్రొటీన్ ముక్కలుండే, ముడతలకని రాసుకునే సీరమ్) రాసిన ప్రతి రాత్రీ బుగ్గలు ఎర్రబడి మండేవి. ఫేస్‌వాష్ మార్చాను, బ్రాండ్ మార్చాను, మూడు లాంతర్ల సెంటర్ దగ్గర మందుల షాపులో కలబంద జెల్ కొన్నాను, లాభం లేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు అన్నీ ఆపేసి, మంట పూర్తిగా పోయేదాకా మాయిశ్చరైజర్ ఒక్కటే. తర్వాత, అంతకుముందు రాత్రి రాసే విటమిన్ సి సీరమ్‌ని పొద్దుటికి మార్చాను, దానిపైన సన్‌స్క్రీన్. రాత్రి ముఖం కడిగి, తడి బాగా ఆరాక (మన విజయనగరం ఉక్కకి ఫ్యాన్ కింద కూర్చోవాల్సిందే) నీలం సీరమ్ రెండు చుక్కలు. ఆ నీలం రాగిదే. అది ఇంకాక క్రీమ్. రెటినాల్ (ముడతలకి రాసే విటమిన్ ఎ రకం) వేరే రాత్రి. విటమిన్ సి పొద్దుటికి ఎందుకంటే, ఆమ్ల గుణం ఎక్కువున్న విటమిన్ సి తగిలితే పెప్టైడ్ నుంచి రాగి విడిపోవచ్చు.

మీ మంటకి కారణం వేరైతే ఇది పనిచేయకపోవచ్చు. ముడతల సంగతి ఇప్పుడే చెప్పలేను. జుట్టుకైతే, జుట్టు పెరగడానికి వాడే మందు మినాక్సిడిల్‌కి ఉన్నంత రుజువు కాపర్ పెప్టైడ్‌కి లేదు, స్కిన్ డాక్టర్ని అడగండి.