పాత ల్యాప్‌టాప్‌కు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్: ఎంచుకోవడం, బిగించడం

పదేళ్లు దాటిన మామూలు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి 1366×768 స్క్రీన్ ఉంటుంది. అంటే సుమారు పదిన్నర లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 అయితే ఇరవై లక్షల పైచిలుకు, దాదాపు రెట్టింపు. సినిమాలు చూసుకునేవారికి ఈ తేడా పెద్దగా పట్టదు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పొద్దున తెలుగు పేపరు, మధ్యాహ్నం ఒడియా దరఖాస్తు ఒకే మెషీన్ మీద చదివేవారికి మాత్రం ఇట్టే తెలుస్తుంది. పాత స్క్రీన్ మీద చిన్న సైజులో మన ఒత్తులు నలిగిపోతాయి, ఒడియా గుండ్రటి అక్షరాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఆ పాతవి చాలావరకు టీఎన్ అనే చవక రకం తెరలు. మూత కాస్త వెనక్కి వాలిస్తే రంగులు వెలిసిపోతాయి. పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకంలో ఆ బాధ ఉండదు.

ల్యాప్‌టాప్ ఇంకా హార్డ్ డిస్క్‌తోనే నడుస్తుంటే ముందు దాని బదులు ఎస్ఎస్‌డీ (చిప్‌లతో చేసిన వేగమైన డిస్క్) వేయించండి, స్క్రీన్ సంగతి తర్వాత. మడతబందులు వదులై, మూత ప్లాస్టిక్ పగుళ్లు తేలిన మెషీన్‌కైతే కొత్త స్క్రీన్ పెట్టకపోవడమే మేలు.

స్క్రీన్ పాడై మార్చేవారు ముందు తప్పు స్క్రీన్‌దేనా అన్నది తేల్చుకోవాలి. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలపండి. టీవీలో కూడా అవే గీతలు వస్తే తప్పు గ్రాఫిక్స్ చిప్‌ది, స్క్రీన్ కొన్నా లాభం లేదు. టీవీలో బాగుండి, ల్యాప్‌టాప్ నల్లగా ఉంటే చీకట్లో టార్చి ఏటవాలుగా వేసి చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే బ్యాక్‌లైట్, అంటే స్క్రీన్ వెనక ఉండే దీపం, వెలగడం లేదన్నమాట. మూత కదిపినప్పుడల్లా బొమ్మ మారుతుంటే అనుమానం కేబుల్ మీదికి పోతుంది. డెల్ వాటికి ఇంకో దారి ఉంది. డి మీట నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే స్క్రీన్ తనంతట తనే వరసగా రంగులు చూపిస్తుంది. ఆ రంగుల్లో కూడా గీత కనిపిస్తే స్క్రీన్ పోయినట్టే.

స్టిక్కరు చూసి కొనాలి

దుకాణంలో మొదటి ప్రశ్న "ఏ కంపెనీ, ఏ మోడల్?" అనే ఉంటుంది. ఆ జవాబుతో మాత్రమే కొంటే చాలామంది తప్పు స్క్రీన్ తెచ్చుకుంటారు. ఒకే మోడల్‌లో రెండు మూడు కంపెనీల స్క్రీన్లు, రెండు రకాల కనెక్టర్లు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కావలసింది స్క్రీన్ వెనక అతికించిన స్టిక్కరు మీది నంబరు. విప్పకుండా తెలుసుకోవాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో మానిటర్ భాగం చూడొచ్చు. అయినా విప్పి, స్టిక్కరు ఫొటో తీసుకున్నాకే డబ్బు కట్టడం మంచిది.

ఆ నంబర్లు చదవడం కష్టమేమీ కాదు. ఏయూఓ కంపెనీది బి156ఎక్స్‌టీఎన్ అని మొదలైతే 15.6 అంగుళాలు, 1366×768, టీఎన్. బి156హెచ్ఏఎన్ అయితే ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ తరహా. ఇన్నోలక్స్‌లో ఎన్156బీజీఈ పాత తరహాది, ఎన్156హెచ్‌సీఈ కావలసినది. మధ్యలో ఎన్156హెచ్‌జీఈ అని ఒకటి ఉంది, అది ఫుల్ హెచ్‌డీయే గానీ టీఎన్. చవగ్గా వస్తుందని దాన్ని అంటగడతారు, జాగ్రత్త. బీఓఈలో ఎన్‌టీ156డబ్ల్యూహెచ్ఎం తక్కువది, ఎన్‌వీ156ఎఫ్‌హెచ్ఎం ఎక్కువది. ఎల్జీలో అదే వరసలో ఎల్‌పీ156డబ్ల్యూహెచ్, ఎల్‌పీ156డబ్ల్యూఎఫ్. 14 అంగుళాల వాటికి 156 ఉన్నచోట 140 ఉంటుంది.

సైజు ఒకటే అయినా ఒడ్డూ పొడుగూ వేరు కావచ్చు. 15.6 అంగుళాల పాత ప్యానెల్ (మూతలో బిగించే స్క్రీన్ పలక) వెడల్పు సుమారు 360 మి.మీ., కొత్త సన్న అంచుల వాటిది సుమారు 350. పాత వాటికి స్క్రూలు పట్టే చెవులు పైనా కిందా గానీ, రెండు పక్కలా గానీ ఉంటాయి. కొత్త వాటిలో కొన్నిటికి చెవులే ఉండవు, లాగితే సాగే జిగురు పట్టీలతో నిలబడతాయి. చెవులున్న మూతలో చెవుల్లేనిది టేపుతో నెట్టుకురావచ్చు. చెవుల్లేని మూతలో చెవులున్నది ఇమడదు. సన్న రకం మందం 3.2 మి.మీ. ఉంటుంది. అంతకన్నా మందమైనది పెడితే బెజెల్, అంటే స్క్రీన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం, మూసుకోదు, బలవంతాన మూస్తే అద్దం పగులుతుంది.

అసలు మెలిక కేబుల్‌లో

2013కు ముందు వచ్చిన వాటిలో చాలా వరకు 40 పిన్నుల ఎల్‌వీడీఎస్ (బొమ్మను స్క్రీన్‌కు పంపే పాత పద్ధతి) కనెక్టర్ ఉంటుంది. ఆ తర్వాతి వాటిలో 30 పిన్నుల ఈడీపీ, అంటే కొత్త పద్ధతి. ఈ రెండూ ఒకదానికొకటి పనిచేయవు. ఎల్‌వీడీఎస్ మెషీన్‌కు ఈడీపీ స్క్రీన్ పెట్టాలంటే మార్పిడి బోర్డు కావాలి. థింక్‌ప్యాడ్ ఎక్స్230కి ఫుల్ హెచ్‌డీ పెట్టేవారు మదర్‌బోర్డు మీద అదనపు బోర్డు సోల్డరింగ్ చేసి పెడతారు. సోల్డరింగ్ చెయ్యి తిరిగినవారికే ఆ పని. మిగతావారు అలాంటి మెషీన్ జోలికి పోకుండా అదే రిజల్యూషన్ కొత్త స్క్రీన్‌తో సరిపెట్టుకోవడం నయం.

ఈడీపీకి ఈడీపీ అయినా పని అయిపోయినట్టు కాదు. ఈడీపీలో బొమ్మ లేన్ అనే తీగల జతల మీద వస్తుంది. ఈ పాత మెషీన్లలో ఒక లేన్ సాధారణంగా సెకనుకు 2.7 గిగాబిట్లు మోస్తుంది. అందులో సిగ్నల్ కూర్పుకు (ఎన్‌కోడింగ్‌కు) పోగా బొమ్మకు మిగిలేది 2.16. 1366×768కు ఇది చాలు, కాబట్టి ఖర్చు కలిసొస్తుందని కొన్ని కంపెనీలు కేబుల్‌లో ఒక్క లేన్‌కే తీగలు వేశాయి. ఫుల్ హెచ్‌డీకి 60 హెర్ట్జ్ దగ్గర (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే వేగం), 24 బిట్ల రంగుతో, 3.3 గిగాబిట్ల దాకా కావాలి, అంటే రెండు లేన్లు. ఒక లేన్ కేబుల్‌కు కొత్త స్క్రీన్ తగిలిస్తే బ్యాక్‌లైట్ వెలుగుతుంది, బొమ్మ రాదు. స్క్రీన్ పాడైందని తిప్పి పంపేస్తారు, రెండోది కూడా అలాగే ఉంటుంది. కాబట్టి అదే మోడల్ ఫుల్ హెచ్‌డీతో కూడా అమ్మకానికి వచ్చిందేమో కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. వచ్చి ఉంటే దాని కేబుల్ పార్టు నంబరు మీ దానితో పోల్చండి. వేరైతే కేబుల్ కూడా కొనాలి. థింక్‌ప్యాడ్ టీ440పీ లాంటి వాటిలో పాత కేబుల్‌తోనే ఫుల్ హెచ్‌డీ పనిచేస్తుంది. అలాంటి మెషీన్ దొరికితే పని సగం తగ్గినట్టే.

40 పిన్నుల ఈడీపీ కూడా ఉంది. అది టచ్ స్క్రీన్లకు, 120 హెర్ట్జ్ పైబడిన వాటికి, 4కే వాటికి. 30 పిన్నుల కేబుల్ దానికి పట్టదు. అద్దం అతికించి ఉన్న టచ్ స్క్రీన్ ఇంట్లో విడదీయాలని చూడకండి.

ఇక రంగుల విషయం. ప్యానెల్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే ఐపీఎస్ అయినా రంగులు వెలిసినట్టే ఉంటాయి. 72 శాతం ఉన్నది దాదాపు పూర్తి ఎస్ఆర్‌జీబీ, అంటే కంప్యూటర్లలో మామూలుగా వాడే రంగులన్నీ. ఫొటో స్టూడియో పని చేసేవారు దీనికే డబ్బు పెట్టాలి. వెలుగు 220 నిట్లు గదిలో చాలు. వరండాలో కూర్చుని పనిచేసేవారికి 300 ఉండాలి, దాంతోపాటు బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుంది.

విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెచ్చుకునేటప్పుడు స్క్రీన్‌ను అట్టపెట్టెలో నిలువుగా పట్టుకోండి. రాయగడ రైల్లో పై బెర్తు మీద బ్యాగుల కింద పెడితే దిగేసరికి లోపల చీలిక ఉంటుంది. కొరియర్‌లో వస్తే పెట్టె సీలు కోయడం దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీయండి, స్టిక్కరు నంబరు అందులో కనిపించాలి.

విప్పి బిగించడం

నంబర్ 0, నంబర్ 00 ఫిలిప్స్ స్క్రూడ్రైవర్లు, గిటారు మీటే ప్లాస్టిక్ పిక్కు లేదా పాత ఏటీఎం కార్డు, కాప్టన్ టేపు (వేడికి తట్టుకునే పసుపు టేపు), 2 మి.మీ. రెండువైపుల టేపు, మెత్తటి గుడ్డ. ఇంతే సరంజామా.

ముందు ఛార్జర్ తీసి, బ్యాటరీ తీయండి. బ్యాటరీ లోపల ఉంటే అడుగు మూత విప్పి దాని కనెక్టర్ ఊడదీయండి. థింక్‌ప్యాడ్‌లలో అయితే బయోస్‌లోని (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగులలోని) పవర్ విభాగంలో లోపలి బ్యాటరీని ఆపేసే వీలుంది. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి ఉంచండి. ఈ పని ఎగ్గొడితే వచ్చే నష్టం పెద్దది. కరెంటు ఉండగా కేబుల్ పీకితే బ్యాక్‌లైట్ లైను పక్క పిన్నుకు తగిలి మదర్‌బోర్డు మీది చిన్న ఫ్యూజు పోతుంది. అప్పుడు ఏ స్క్రీన్ పెట్టినా నలుపే.

కొరాపుట్ కొండల మీద చలికాలం గాలి పొడిగా ఉంటుంది. ఒంట్లో చేరే స్థిర విద్యుత్తు స్క్రీన్ భాగాలను పాడుచేయకుండా ఉన్ని స్వెట్టర్ విప్పి, ఇనుప కిటికీ ఊచ ఒకసారి ముట్టుకుని పనిలో దిగండి.

బెజెల్ మూలల్లో రబ్బరు బిళ్లల కింద స్క్రూలు ఉంటాయి. అవి తీశాక లోపలి అంచు నుంచి బయటికి పిక్కుతో మీటుతూ రండి. మడతబందుల దగ్గర చివర్లో, నెమ్మదిగా. జిగురుతో అతికినదైతే హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద ఒకటి రెండు నిమిషాలు ఆడించాలి. తర్వాత ప్యానెల్ స్క్రూలు. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చి ఉంచండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే మూత మీద బొడిపె తేలుతుంది, ఒక్కోసారి ప్యానెల్ పగులుతుంది.

ప్యానెల్ పైభాగాన్ని మెల్లగా కీబోర్డు మీదికి, గుడ్డ పరిచి బోర్లించండి. కనెక్టర్ మీద టేపు తీసి, సన్నటి లోహపు కడ్డీ ఉంటే పైకి లేపి, కేబుల్‌ను బోర్డుకు సమాంతరంగా వెనక్కి లాగాలి. పైకి ఎత్తితే కనెక్టర్ ఊడి వస్తుంది. పిన్నుల మధ్య దూరం అర మిల్లీమీటరే. గోపాల్‌పూర్ తీరం దగ్గర్లోని ఇళ్లలో ఉప్పుగాలికి ఈ పిన్నుల మీద పచ్చటి పూత కనిపిస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త స్క్రీన్ తగిలించండి. పచ్చదనం కేబుల్ లోపలికి పాకితే తుడిచి లాభం లేదు, కేబుల్ మార్చాలి.

కొత్తది తగిలించి, కడ్డీ దించి, టేపు అంటించండి. ఇంకా స్క్రూలు బిగించొద్దు, పైనున్న పొర పీకొద్దు. అది పీకేస్తే చాలామంది అమ్మకందారులు తిప్పి తీసుకోరు. బ్యాటరీ పెట్టి ఆన్ చేసి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్క్రీన్ నిండా తెప్పించి చూడండి. వెలగని చుక్కలు తెలుపు మీద, ఆరని చుక్కలు నలుపు మీద బయటపడతాయి. మూతను మెల్లగా ముందుకీ వెనక్కీ వంచుతూ అరగంట నడపండి. సరే అనుకున్నాక మళ్లీ పవర్ తీసి, స్క్రూలు బిగించి, కేబుల్‌ను పాత గాడిలోనే పడుకోబెట్టి బెజెల్ నొక్కండి.

తేడా వస్తే

స్క్రీన్ వెలిగి బొమ్మ లేకపోతే డేటా అందడం లేదు, కేబుల్ మళ్లీ తీసి తగిలించండి. బొమ్మ వచ్చి వెలుగు తగ్గించే మీటలు పనిచేయకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి. వెలుగు తగ్గించినప్పుడు మాత్రమే అదిరితే అది ప్యానెల్ స్వభావం. బ్యాక్‌లైట్‌ను వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గించే రకం అది, కళ్లు నొప్పి పుట్టేవారు వెలుగు పెంచి వాడుకోవాలి. బెజెల్ మూశాక ఒక మూల తెల్లటి మచ్చ వచ్చిందంటే అక్కడ కేబుల్ ప్యానెల్‌ను ఒత్తుతోంది, విప్పి సర్దండి.

విండోస్‌లో 1920×1080 ఎంచుకుని స్కేలింగ్ 125 శాతం పెట్టండి. 14 అంగుళాల మీద 100 శాతం పెడితే అక్షరాలు మరీ సన్నం.

తీసేసిన పాత ప్యానెల్ పగలనిదైతే కొత్త దాని పెట్టెలోనే దాచండి. రేపు మదర్‌బోర్డు మీద అనుమానం వస్తే తగిలించి చూడటానికి పనికొస్తుంది. 2010కి ముందటి వాటిలో ఎల్ఈడీ బదులు సన్నటి ట్యూబ్‌లైటు ఉండే రకం కొన్ని ఉన్నాయి. వాటిలో పాదరసం ఉంటుంది, పాత ఇనుప సామాన్ల బండికి వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి.